దక్షిణాఫ్రికా ఆమె చేసిన జొన్నరొట్టె

కడప నుంచి శ్రీశైలం పోతూ, బస్సు మారడానికి ఆత్మకూరులో దిగాను. బస్టాండు ముందు జొన్నరొట్టెలు చేసే అక్క దగ్గర ప్యాంటు, చొక్కా వేసుకున్న ఒక పెద్దామె నిలబడి ఉంది. ముఖం మనదే కానీ తెలుగు ముక్కలు ముక్కలుగా వస్తోంది. ముత్తాతల కాలంలో తెల్లదొరలు చెరకు తోటల పనికి ఓడలో దక్షిణాఫ్రికా తీసుకుపోయిన కుటుంబమట. వాళ్ల ఊరిని వెతుక్కుంటూ ఇంత దూరం వచ్చింది.

"ఊరి పేరే తెల్లేదంటే యాడని ఎతుకుతావమ్మా?" అని రొట్టెల అక్క నవ్వింది.

ఆమె ముఖం చిన్నబోయింది. అంతలో పిండి ముద్ద మీద చూపు పడి, "నేను చేస్తా?" అంది.

"చెయ్ సూద్దాం! ఇరగ్గొడితే నువ్వే తినల్ల."

ఆమె కూర్చుని, అరచేత్తో తడుతూ రొట్టెను గుండ్రంగా తిప్పింది. పెనం మీద వేసీ వేయగానే, ఎవరూ చెప్పకుండానే, తడిగుడ్డ అందుకుని పైన నీళ్లు అద్దింది. అచ్చం మా అమ్మలాగే!

"అక్కా, సూడు, నీళ్లు అద్దింది!" అని అరిచేశాను.

"మా అవ్వ... ఇట్లా," అందామె.

రొట్టె పొంగింది. అక్క దాన్ని తీసి ఆమె చేతిలోనే పెట్టింది.

"ఇంక ఎవురన్నా అడిగితే మాది ఆత్మకూరని చెప్పు. కాదన్నోళ్లను నా కాడికి పంపు."