తాడు కట్టిన కయాక్

మా అనంతపురం సీమలో పడవ కొనుక్కున్న నేతగాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. నీళ్ల ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టిన మనిషికి పడవెందుకని మా వీధి వీధంతా నవ్వింది. నవ్వుకోనీ. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది కానీ, ఆ నవ్వుకు మాత్రం రాలేదు. ఎందుకంటే ఆ పడవ కొనాలా వద్దా అన్న మాట మా ఇంట్లో చేపల కోసం నడవలేదు. నేను నీళ్ల మీదికి పోతే తిరిగొస్తానా రానా అని నడిచింది.

ధర్మవరంలో మాది గుంత మగ్గం. మీసాలు రాకముందే ఆ గుంతలో కాళ్లు పెట్టినవాణ్ణి. నా భార్య అచ్చులు అతుకుతుంది. మగ్గం మీద పడుగు అయిపోవచ్చినప్పుడు పాత పోగు కొసకు కొత్త పోగు కొస కలిపి వేళ్లతో మెలిపెట్టే పని అది. వేల పోగులుంటాయి, ఒక్కటి వదులైనా చీర చెడుతుంది. మరమగ్గాలు పెరిగాక నాకు పడుగు ఇచ్చే షావుకారు ఇవ్వడం మానేశాడు. నా మగ్గం ఆగిపోయింది. ఆమెకు మాత్రం పని ఉండేది. తెల్లవారి ఆమె పనికి పోగానే నేను బస్సెక్కి, ఊరికి గంట దూరంలో ఉన్న రిజర్వాయరు గట్టుకు పోయి కూర్చునేవాణ్ణి. కాలువ నీళ్లు వచ్చాక నిండిన రిజర్వాయరు అది. అన్ని నీళ్లు ఒకచోట నేనెప్పుడూ చూసి ఎరగను. పొద్దు గుంకేదాకా వాటినే చూస్తూ కూర్చునేవాణ్ణి. ఇంట్లో ఎవరితోనూ మాట్లాడేవాణ్ణి కాదు.

ఒకనాడు పొద్దు గుంకినా ఇల్లు చేరలేదు. మా వీధిలో లగేజి ఆటో నడిపే సాయిబు ఒకడున్నాడు, నా స్నేహితుడు. ఆమె అతణ్ణి వెంటబెట్టుకుని, ఆ ఆటోలో నన్ను వెతుక్కుంటూ వచ్చింది. గట్టు మీద నా చెప్పులు కనిపించాయి. నేను కనిపించలేదు. నేను మోకాటి లోతు నీళ్లలో నడిచిపోయి, కంపచెట్ల అవతల గుండ్రటి పుట్టి పడవను ఒడ్డుకు లాగుతున్న జాలర్ల దగ్గర నిలబడి ఉన్నాను. ఆమె కేక విని పరుగున వెనక్కి వచ్చాను. నా చెప్పులు రెండూ గుండెకు హత్తుకుని బురదలో కూలబడి ఉంది. నన్ను చూసి తిట్టలేదు. చెప్పులు నా కాళ్ల ముందు పెట్టి, "తొడుక్కో" అనింది. అంతే.

ఆ పొద్దు చచ్చిపోదామనుకున్నావా అని ఆమె నన్ను ఎన్నడూ అడగలేదు. అడిగి ఉంటే నిజమే చెప్పేవాణ్ణి. అట్లా అనుకోలేదు, కానీ ఇంటికి పోవాలని కూడా అనిపించలేదు. ఆమెకు ఆ సంగతి తెలుసు. ఆనాటి నుంచి నేను చెప్పులు గడప బయట విడిచినా, ఆమె వాటిని లోపలికి తెచ్చి పెట్టుకునేది.

తర్వాత ఒకసారి జాలర్లలో పెద్దాయన నన్ను తన పుట్టిలో ఎక్కించుకున్నాడు. నడిమధ్యకు పోయాక తెడ్డు ఆపి, "ఊరికే కూచో" అన్నాడు. కూర్చున్నాను. మగ్గం ఆగినప్పటి నుంచి చెవుల్లో ఏదో హోరు ఉండేది, అది అక్కడ తగ్గింది. ఆ రాత్రి ఇంట్లో సంగటి రెండోసారి అడిగి పెట్టించుకున్నాను. ఆమె గరిటె పట్టుకుని నా మొహంలోకే చూస్తూ నిలబడింది. చాలా రోజుల తర్వాత నేను నోరు తెరిచి ఒకటి అడిగాను కదా, అందుకని.

మెల్లగా మనిషినయ్యాను. పట్టుచీరల దుకాణంలో చీరలు విప్పి చూపి మడతపెట్టే పని దొరికింది. ఆదివారం సెలవు. ఫోనులో కయాక్‌లు చూడడం మొదలుపెట్టాను. ఒక్కడే కూర్చుని, రెండు వైపులా రెక్కలున్న తెడ్డుతో నడుపుకునే సన్నటి పొడవాటి పడవ. అందులో కూర్చుని గాలం వేసేవాళ్లను చూస్తుంటే నా చేతులు ఊరుకునేవి కావు. మగ్గం మీద పేక పోగు మోసే నాడెను కుడి నుంచి ఎడమకు, ఎడమ నుంచి కుడికి విసిరిన చేతులాయె. ఒకరోజు అన్నం తింటూ, "ఇట్లాంటిదొకటి కొనుక్కుందామనుకుంటున్నా" అని ఫోను ఆమె వైపు తిప్పాను. చూసింది. రెండు వారాలు ఆ ఊసే ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు, ఎత్తితే వద్దంటుందని భయం.

ఆమే ఎత్తింది. "కొనుక్కో. ముందు ఈత నేర్చుకో. తాడు మాత్రం నా చేతిలో ఉండల్ల."

"తాడేందే? పడవకు తాడేంది?"

"నువ్వు నీళ్లలో ఉన్నంతసేపూ ఒక కొస పడవకు, ఇంకో కొస నా చేతికి. ఒప్పుకుంటేనే కొను."

ఒప్పుకున్నాను. సాయిబు నన్ను ఊరి బయట తోటబావికి తీసుకుపోయి, నడుముకు ఖాళీ నూనె డబ్బాలు కట్టి ఈత నేర్పించాడు. ఆ వయసులో డబ్బాలు కట్టుకుని కాళ్లు కొట్టుకుంటుంటే గట్టు మీద పిల్లలు చూసి నవ్విన నవ్వు నేను బతికున్నంతకాలం మరిచిపోను.

ఇక ఏ రకం కొనాలి అన్నది. గాలి కొట్టి ఉబ్బించే కయాక్ ఒకటి నాకు నచ్చింది. మడిచి సంచిలో పెట్టుకోవచ్చు. సాయిబు ఒప్పుకోలేదు. "అన్నా, ఈ కంపముండ్లకి నా ఆటో టైర్లే నిలబడవు. నీ గాలి పడవ గట్టు దిగేలోపలే సప్పబడిపోతాది" అన్నాడు. గట్టి ప్లాస్టిక్‌దే కొనాలని తేలింది. అందులో మళ్లీ రెండు రకాలు. ఒకదానిలో కాళ్లు లోపలికి పెట్టి కూర్చోవాలి, ఇంకోదానిలో పడవ పైనే కూర్చోవాలి. కాళ్లు లోపలికి పోయేదాన్ని చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. అచ్చం గుంత మగ్గంలో కూర్చున్నట్టే ఉంటుంది. ఆమె ఒక్క మాట అడిగింది: "అది బోర్లా పడితే కాళ్లు యాట్ల బయటికొస్తాయి?"

"పడవ గురించి నీకేం తెలుసే?" అని కసిరాను.

"నాకు పడవ తెలీదు. నువ్వు తెలుసు. పైన కూచునేదే కొను."

పైన కూర్చునేదే కొన్నాను. బెంగుళూరులో ఒకాయన వాడేసి మూలన పెట్టిన పసుపురంగుది, వెడల్పాటిది. వెడల్పుంటే వేగంగా పోదు కానీ ఊగదు. చేపలకు ఊగనిదే కావాలి. సాయిబు ఆటో మీద తాళ్లతో బిగించి తెస్తుంటే, సోమందేపల్లెలో టీ కోసం ఆగాం. జనం చుట్టూ మూగారు. "ఏమప్పా, ఇది పశువుల తొట్టా?" అని ఒకాయన అడిగాడు. పడవ అంటే ఆయన ఆకాశం వైపు ఒకసారి చూసి, "వాన పడనీలే, సూద్దాం" అని టీ తాగేశాడు.

ఇంటికి తెచ్చాక దాన్ని మగ్గం గదిలో, మూతపెట్టిన గుంత మీదే పడుకోబెట్టాను. వేరే చోటు లేదు. సామాను అమర్చడమంతా మగ్గం లెక్కలోనే చేశాను. మగ్గంలో కూర్చున్నవాడు లేవకుండా అన్నీ చేతికందాలి. వీపు వెనక పాల క్రేటు కట్టాను, అందులో ఎరలు, నీళ్ల సీసా, చిన్న కత్తి. గాలం కర్రలు నిలబెట్టడానికి ప్లాస్టిక్ పైపు ముక్కలు రెండు పక్కలా బిగించాను. లంగరు మాత్రం బయట కొనలేదు. మగ్గం మీద పూలు తీసే జాకార్డు పెట్టె కింద వేలాడే సన్న ఇనుప కడ్డీలుంటాయి, పోగులను కిందికి లాగి పట్టేవి. నా మగ్గానివే మూట కట్టి లంగరు చేశాను. మగ్గం విప్పిన రోజు కంట నీరు రాలేదు కానీ, ఆ కడ్డీలు మూట కడుతుంటే వచ్చింది. లైఫ్ జాకెట్టు ఆమె ఎంచింది. దాన్ని నాకు తొడిగి, బక్కిళ్లు పెట్టి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూసింది. జారిపోవడం లేదని నమ్మకం కుదిరాకే వదిలింది. చివరగా నా చెప్పులు కూడా పాల క్రేటులో పెట్టింది. గట్టు మీద వదిలి పోకూడదని వేరే చెప్పక్కర్లేదు.

మొదటి ఆదివారం ఏం జరిగిందో చెబితే మీరూ నవ్వుతారు. సాయిబు పడవను నీళ్లలోకి నెట్టాడు. ఆమె ఒడ్డున రాయి మీద కూర్చుని, తాడు కొస ముంజేతికి చుట్టుకుంది. నేను తెడ్డు వేశాను. పడవ కదల్లేదు. బలంగా వేశాను. నాలుగు బారలు పోయి మళ్లీ ఒడ్డుకే వచ్చింది. చెమటలు కారుతున్నాయి. వెనక్కి తిరిగి చూస్తే, ఆమె తాడును బిగించి పట్టుకుని ఉంది. కాస్త వదులైతే చాలు, గబుక్కున లాగేస్తోంది. బతుకంతా పోగులు అతికిన మనిషి. వదులు అనేది ఆమె వేళ్లు ఓర్చుకోలేవు.

"వదలమ్మే" అని అరిచాను.

"వదులైతే చెడతాది" అనింది, చేతిపని చేసుకుంటున్నంత శ్రద్ధగా.

"ఇది చీర కాదే తల్లీ!"

జాలర్లు పుట్టిలో నుంచి చూసి పగలబడి నవ్వారు. పెద్దాయన, "ఏమప్పా, దూడకు పలుపేసినట్టుండాది" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ రోజు ఒడ్డు దాటకుండానే ఇంటికి వచ్చేశాం. ఆమె ఆటోలో దారి పొడుగునా తాడు కొసను వేళ్ల మధ్య నలుపుతూ ఏదో ఆలోచిస్తూ వచ్చింది.

మరుసటి ఆదివారానికి ఆ తాడుకు ఇంకో ముక్క అతికి తెచ్చింది. మేము పోగులకు వేసే ముడే, ఎంత లాగినా ఊడదు. ఆ వారం కొంచెం వదులు పెట్టింది. ఆ తర్వాతి వారం ఇంకో ముక్క. మంచం నవారు, మగ్గం తాడు, ఎరువుల మూటల దారం, ఏది దొరికితే అది. తాడు పొడుగయ్యేకొద్దీ నేను లోపలికి పోతున్నాను. మొదటి చేప, అరచేతంత జిలేబి, తాడు కట్టే ఉండగానే పట్టాను. ఆమె ఇంటి నుంచి కూర, సంగటి వండి తెచ్చేది. చేప దొరుకుతుందన్న నమ్మకం ఆమెకు లేదు. నేను లోపలున్నంతసేపూ ముద్ద ముట్టేది కాదు. ఒకసారి చలికి వణుకుతూ కూర్చుని ఉంటే, ఆటోలో కూర్చోమని సాయిబు బతిమాలాడు. "వదినా, అన్న బానే ఉండాడు, సూడు." ఆమె కదల్లేదు. ఆ సంగతి అతను చెబితే ఆ వారమంతా నాకు అన్నం సహించలేదు. ఇంత ప్రేమను మోసే ఒడుపు నాకు తెలియదు. మొహం చిటపటలాడించడం ఒక్కటే తెలుసు.

మొన్నటి ఆదివారం. పడవ దించి, సామాను సర్ది, లైఫ్ జాకెట్టు తొడుక్కుని తాడు కోసం చూశాను. ఆటోలో లేదు. క్రేటులో లేదు.

"ఏమ్మే, తాడు యాడ?"

"దండెం కట్టినా" అనింది. "పెరట్లో నీ చొక్కాలు ఆరతాండాయి."

నాకు కోపం వచ్చింది. అదేం కోపమో నాకే తెలియదు. "ఇప్పుడు చెప్తావా? తాడు లేకుండా యాట్ల పోవల్ల నేను?" అన్నాను. దూడ పలుపని నెలల తరబడి సణిగింది నేనే మరి.

ఆమె సంచి విప్పింది. అందులో సంగటి ఉంది, ఖాళీ సట్టి ఉంది, ఆకులో చుట్టిన మసాలా ముద్ద ఉంది. "ఈ పొద్దు కూర చేయలేదు. మసాలా నూరుకొచ్చినా. నువ్వు చేప తెస్తేనే కూర" అంటూ రాళ్లు పేర్చి పొయ్యి చేయసాగింది.

నేను చెప్పులు విప్పి, అలవాటుగా క్రేటులో పెట్టబోయాను. ఆమె పొయ్యి దగ్గర నుంచే, తల ఎత్తకుండా అనింది.

"చెప్పులు ఈడ్నే ఇడ్సిపో."

వాటిని గట్టు మీద పక్కపక్కన పెట్టి, పడవెక్కాను. ఆ రోజు పడవ మరీ తేలికగా పోయింది. నాకు బెరుకుగా ఉంది. లంగరు వేసి ఒడ్డు వైపు చూశాను. పొగ లేస్తోంది. ఆమె నా వైపు చూడడం లేదు, పొయ్యి ఊదుకుంటోంది. పక్కనే నా చెప్పులు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. నీళ్ల నడుమ ఎవరు చూస్తారు? మొహం కడుక్కుని గాలం వేశాను.

రెండు జిలేబులు పడ్డాయి. ఎండ ముదిరాక ఒడ్డుకు వచ్చాను. పడవ గులకరాళ్లకు తగిలి ఆగింది. నా చెప్పులు నేను విడిచిన చోట లేవు. నీళ్ల అంచుకు తెచ్చి, దిగగానే కాలు దూర్చడానికి వీలుగా, ఇంటి వైపు తిప్పి పెట్టి ఉన్నాయి. ఆమె సట్టిలో నూనె పోస్తూ అనింది.

"తొడుక్కో. రాళ్లు కాలతాండాయి."