మూట అడుగున చెయ్యి

మొన్న ఆదోనిలో ఎమ్మిగనూరు బస్సెక్కితే, పక్క సీట్లో ఒకమ్మాయి చెవులకు తీగలు తగిలించుకుని, ఏదో పాఠం వింటూ తనలో తానే తలాడిస్తోంది. కండక్టరు రెండుసార్లు టికెట్టు అడిగినా పలకలేదు. నాకు నవ్వొచ్చింది. కొన్నేళ్ళ కిందట అదే దారిలో, యాభైకి దగ్గరపడ్డ వయసులో, నేనూ అదే అవతారంలో ఉండేవాడిని.

అంతకుముందు నా బతుకంతా ఆదోని పత్తి మార్కెట్టే. పత్తినుంచి గింజలు తీసే జిన్నింగు మిల్లువారి తరఫున పత్తి చూసి ధర చెప్పేవాడిని. మూట పైన ఎప్పుడూ మల్లెపువ్వులాంటి పత్తే ఉంటుంది. రైతును తప్పు పట్టనక్కరలేదు, ఇంటికొచ్చినవాళ్ళకు ఎవరైనా మంచి చాపే పరుస్తారు. అందుకే మోచేతి దాకా చెయ్యి పోనిచ్చి, అడుగునుంచి గుప్పెడు తీసి చూడాలి. ఆ మిల్లు మూతపడ్డాక, ఎమ్మిగనూరులో మా మామగారి బట్టల అంగడిలో కూర్చోవడానికి రోజూ పోయి వస్తూంటే, బెంగుళూరులో ఉన్న మేనల్లుడు నా ఫోనులో ఒక కొత్త పని నేర్పే పాడ్‌కాస్టులు, అంటే చెవితో వినే పాఠాలు, పెట్టిచ్చాడు. యూజర్ ఎక్స్‌పీరియన్స్ రీసెర్చ్ అని పేరు పెద్దదే కానీ, ఒక యాప్‌ను వాడే మనిషి ఎక్కడ తడబడుతున్నాడో అతని నోటినుంచే రాబట్టే పని అది. మనుషుల మాట పట్టడం నీకు వచ్చిన విద్యే కదా మామా అన్నాడు.

బస్సులో విన్నది సాయంత్రం మళ్ళీ పెడితే, మా ఆవిడ శెనక్కాయలు ఒలుస్తూ తనూ వినేది. నాకు రాని ఇంగ్లీషు తన పదో తరగతి ఇంగ్లీషుతో అతికించి, నన్ను ముసలి విద్యార్థి అని ఆటపట్టించేది. బాగుందా అని ఎవరినీ అడగకూడదనీ, నిన్న ఏం చేశారో మొదటినుంచి చెప్పించుకోవాలనీ, ఆపైన నోరు మూసుకుని కాచుకోవాలనీ ఒక పాఠంలో చెప్పారు. ఆ విద్య మొదట ఆమె మీదే ప్రయోగించాను. నిన్న ఫోనులో గ్యాసు ఎట్లా బుక్ చేశావో చెప్పమన్నాను.

"ఫోను మిద్దె మీద ఉండె. మెట్లెక్కినా. సగంలో కూర్చున్యా," అంది నవ్వుతూ.

పాఠంలో చెప్పినట్టే నోరు మూసుకుని కాచుకున్నాను. ఆమె చేతిలో కాయ ఒలవకుండానే ఉండిపోయింది.

"ఆయాసమప్పా. శానా దినాలనుంచి."

ఆ నెలల్లో బాగున్నావా అని నేను ఎన్నిసార్లు అడిగినా, నాకేమైంది, బాగుండాను లేప్పా అనే చెప్పింది. పని పోయిన మొగుడికి ఆసుపత్రి బరువు కూడా ఎందుకనుకుంది పిచ్చిది. డాక్టర్లు గుండె జబ్బన్నారు, ఆలస్యమైందన్నారు. ఆ రీసెర్చ్ ఉద్యోగం వచ్చిందని నేను ఆమె మంచం పక్కన చెబితే, "ఇంగ ఊరందరినీ అడుగు పో," అని నవ్వింది. వారం తిరక్కుండానే పోయింది.

ఇప్పుడు ఇంట్లో కూర్చునే, యాప్‌లు వాడే ఏ ఊరివాళ్ళతోనో ఫోనులో మాట్లాడుతుంటాను. మార్కెట్టులో నాతో తిరిగినవాళ్ళలో చాలామంది లేరు, ఆ మిల్లూ లేదు. అంతా బాగుంది సార్ అని మొదట అందరూ అంటారు. నేను ఊరుకుని కాచుకుంటాను, కాసేపటికి అసలు మాట వస్తుంది. పని అయ్యాక ఫోను పక్కన పెట్టి వంటింటి వైపు చూస్తాను. బాగుండాను లేప్పా అని అబద్ధమైనా చెప్పే మనిషి అక్కడ లేదు.