స్కానర్‌తో కాపురం చేసే కంప్యూటర్

ఎనిమిదో తరగతి నన్ను రెండేళ్లు భరించింది. మూడో ఏడు దాని మీద జాలిపడి నేనే బడి మానేశాను. అలాంటివాణ్ణి 2008 నాటికి కె.ఆర్.పురంలో కంప్యూటర్లు బిగించి అమ్ముతున్నానంటే, తప్పు బెంగళూరుదే, నాది కాదు.

ఆ ఏడు రత్నమ్మగారు కొట్టుకు వచ్చారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో రిటైరైన మనిషి, లైసెన్సు తీసుకుని ఇంటి నుంచే సరదాగా రేడియోలో మాట్లాడే హామ్ ఆపరేటర్. హామ్ స్నేహితులంతా రోజూ పొద్దున్నే ఒకే ఫ్రీక్వెన్సీ మీద చేరి కబుర్లాడుకుంటారు. ఆవిడ దాన్ని ‘గాలిలో అరుగు’ అనేవారు. కాడుగోడిలో కింది అంతస్తు ఫ్లాటుకు మారాక, పైన యాంటెన్నా పెట్టడానికి అపార్టుమెంటు వాళ్లు ఒప్పుకోలేదు. దాంతో ఆవిడకు అరుగు మూగబోయింది.

"దేవనహళ్ళిలో మా తమ్ముడు మునెప్ప మిద్దె ఉండాది. స్కానర్ ఆడ పెడతా. అది పట్టిన మాట ఇంటర్నెట్‌లో నా ఇంటికి రావల్ల. చిన్నది, సవకది, పగలూ రాత్రీ ఆడేది ఒకటి ఇయ్యప్పా."

స్కానర్ అంటే ఫ్రీక్వెన్సీలన్నీ తడుముతూ, మాట వినిపించిన చోట ఆగే రేడియో. ఆ మాటను ఇంటర్నెట్‌లో పారించడమే స్ట్రీమింగ్. నేను అలవాటుగా కొట్లోకెల్లా పెద్ద డబ్బా చూపించాను.

"మాట మోసేదానికి లారీ ఎందుకప్పా?"

సరేనని చిన్న డబ్బా బిగించాను. గోడ కరెంటును కంప్యూటర్‌కు తగ్గట్టు మార్చే ఎస్.ఎం.పి.ఎస్. మాత్రం, ఆవిడ సవకది అడిగారు కదా అని, చౌకరకం వేశాను. కొట్లో పాటలు పెట్టి చూస్తే స్ట్రీమింగ్ నదిలా సాగింది. మీసం దువ్వుకుంటూ రత్నమ్మగారితో దేవనహళ్ళి వెళ్లి, స్కానర్ పక్కన పెట్టి స్విచ్ వేశాను. స్కానర్ గుర్రుమంది. మాటన్నదే లేదు. ముందు వైరును తిట్టాను, తర్వాత యాంటెన్నాను, చివరికి ఆ ఊళ్లో అప్పుడే తెరిచిన కొత్త విమానాశ్రయాన్ని.

మునెప్ప వచ్చి కంప్యూటర్ ప్లగ్గు పీకేశాడు. వెంటనే స్కానర్‌లో ఎవరో ఇడ్లీల గురించి శుభ్రంగా మాట్లాడటం వినిపించింది.

"అయ్యో, కంప్యూటర్ ఆపేస్తే మాట కాడుగోడికి ఎట్లా పోతుందన్నా?"

"అట్లనా? నువ్వు చేసిన కంప్యూటర్ ఆపితేనే బాగా పనిచేస్తాది, అంతే కదప్పా?"

రత్నమ్మగారు నవ్వలేదు. స్కానర్‌కు చెవి ఆనించి, "మా అరుగు జోసెఫ్ గొంతప్పా ఇది. ఇల్లు మారినాక ఇదే మొదలు వినడం" అన్నారు.

తప్పు ఎస్.ఎం.పి.ఎస్.ది. మన చెవికి అందని రేడియో రొదను అది వెదజల్లుతుంది. పక్కనున్న స్కానర్ ఆ రొదలో మునిగిపోతుంది. మర్నాడు రత్నమ్మగారు బ్యాటరీతో నడిచే ఆ స్కానర్‌నే సంచిలో వేసుకుని, నన్ను సెకండ్ హ్యాండ్ అంగళ్లకు లాక్కెళ్లారు. ప్రతి కంప్యూటర్‌నూ ఆన్ చేయించి, దాని పక్కన స్కానర్ పెట్టి వినడమే పని. నేను వెనకాల ర్యామ్, స్పీడ్ అంటూ దండకం చదువుతున్నాను.

"లోపల దెయ్యముందేమో చూస్తాండారామ్మా?" అన్నాడొక అంగడాయన.

"ఉండాది. గురక పెడతాంది. ఇంగొకటి చూపించు."

చివరికి ఏదో ఆఫీసు వదిలించుకున్న థిన్ క్లయింట్ దొరికింది. పుస్తకమంత డబ్బా, లోపల ఫ్యాను లేదు, అడాప్టరు విడిగా ఉంటుంది. దాని పక్కన స్కానర్ కిమ్మనలేదు.

"ఇది నిదానం అమ్మా."

"పరుగుపందేనికా అప్పా? గమ్మునుండాది, అది చాలు."

దాన్ని దేవనహళ్ళిలో స్కానర్ పక్కన బిగించి వచ్చాను. ఆదివారం పొద్దున కాడుగోడి ఫ్లాటులో ఆవిడ కంప్యూటర్ స్పీకర్ చిటపటమంది. జోసెఫ్ గారి గొంతు. "రత్నమ్మకు కొత్తిల్లు వచ్చినాక మనం పాతబడిపోతిమి!"

ఆవిడ ఫోన్ అందుకుని ఆయనకు కలిపారు. "పాతబడింది నీ జోకులు జోసెఫూ! అంతా వింటాండా!"

"జాగ్రత్తరో! రత్నమ్మ వింటా ఉండాది!" అని ఆయన రేడియోలో స్నేహితులకు అరిచిన అరుపు ముందు ఫోన్‌లో వచ్చింది. స్ట్రీమింగ్ కాస్త వెనకబడి నడుస్తుంది కనుక, అదే అరుపు, వెనకే స్నేహితుల కేకలు కొంతసేపటికి స్పీకర్‌లో వచ్చాయి. ఆవిడ రెండుసార్లు నవ్వారు. రెండోసారి కళ్లు తుడుచుకుంటూ.

కంప్యూటర్ కొనేటప్పుడు ధర, సైజు, స్పీడ్ అన్నీ చూడాల్సిందే. కానీ అది ఎవరి పక్కన బతకాలో వాళ్ల పక్కన పెట్టి చూడటం ముందు. ఈ జ్ఞానాన్ని అప్పుడే రత్నమ్మగారికి గంభీరంగా వినిపించాను.

ఆవిడ తలూపారు. "నిజమేనప్పా. ఆ పొద్దు స్కానర్‌ను నీ పక్కన కూడా పెట్టి చూసింటే, నిన్ను ఆ అంగట్లోనే వదిలేసి వచ్చేదాన్ని!"