బెలూనుకి గడ్డం గీసిన తనిము

తనిముని బడికి పొమ్మన్నారు. యాభై ఎనిమిదేళ్ళ మనిషిని, కానో నగరం పాతపట్నంలో సగం పేటకి మొదటి గుండు కొట్టిన మనిషిని పట్టుకుని, క్షవరం నేర్చుకుని రమ్మన్నారు!

తాత వంజామి, తండ్రి వంజామి, తను వంజామి. వంజామి అంటే తలలు గీసేవాడు మాత్రమే కాదు. బిడ్డ పుట్టిన ఏడో రోజున పేరు పెట్టేటప్పుడు పుట్టు వెంట్రుకలు తీసేది అతనే, ఆ చేత్తోనే నోరు తెరిపించి కొండనాలుక కోసేదీ అతనే. కోయకపోతే అది వాచి బిడ్డకి ఊపిరాడదని అక్కడందరి నమ్మకం. కోసి, ఒక ఊపులో పని ముగించి, కత్తిని తొడకేసి తుడుచుకుని పొదిలో పెట్టేవాడు తనిము. ఆ తుడుచుకోవడంలో ఎంత దర్జా ఉండేదో చూసినవాళ్ళకే తెలుసు.

“కార్డు లేనిదే ఇకమీదట పేరుపెట్టే ఇంట్లో కత్తి పట్టడానికి లేదయ్యా. పైనుంచి ఆర్డరు,” అన్నాడు పేట పెద్ద, ముఖం పక్కకి తిప్పుకుని.

“మా తాత ఏ కార్డు చూపించి మీ తాతకి గుండు కొట్టాడు?” అని నిలదీశాడు తనిము.

“మీ తాత పోయాడు, మా తాతా పోయాడు. నువ్వు మూడు వారాలు బడికి పోయి రా,” అన్నాడు పెద్ద.

ఇంకెప్పుడైనా అయితే ఆ కార్డు మీ మొహానే కొట్టుకోండని వచ్చేసేవాడే. కానీ కూతురు కందేకి నెలలు నిండుతున్నాయి. రెండేళ్ళ కింద పుట్టిన మొదటివాడు మూడు వారాలైనా బతకలేదు. గాలి సోకింది అన్నారు. ఈసారి పుట్టేవాడి తల మీద తన కత్తి కాక మరొకడి కత్తి పడటమా? చస్తే ఒప్పుకోడు తనిము. అందుకని, పళ్ళు నూరుకుంటూనే, బయలుదేరాడు.

ఆ బడి ఊరి కోట ద్వారం అవతల, టైర్ల కొట్టు వెనకాల ఒక రేకుల గది. నాలుగు కుర్చీలు, నాలుగు అద్దాలు, పదిమంది కుర్రాళ్ళు. పంతులు పేరు హబీబు. పాతికేళ్ళు ఉంటాయో ఉండవో. లేగోసులో ఏదో పెద్ద సెలూన్లో చేసి వచ్చాడట, తెల్లకోటు తొడుక్కున్నాడు. వాడికి గడ్డమే సరిగ్గా మొలవలేదు, వాడు గడ్డాల గురించి చెబుతాడట!

మొదటి పాఠం ఏమిటనుకున్నారు? చేతులు కడుక్కోవడం. మోచేతుల దాకా సబ్బు రాసి, వేళ్ళ సందుల్లో రుద్ది, ఇరవై లెక్కపెట్టి కడగాలట. ఒక రోజు కాదు, రెండు రోజులు అదే పాఠం.

“అబ్బాయ్, నేను రోజుకి ఐదు పూటలు నమాజుకి కడుక్కుంటాను. నాకా నేర్పేది?” అన్నాడు తనిము.

“నమాజు దేవుడి కోసం బాబా. ఇది కుర్చీలో కూర్చున్నవాడి కోసం,” అన్నాడు హబీబు. ఒక్క ముక్క ఎదురు మాట్లాడడు, ఒక్క ముక్క వెనక్కి తీసుకోడు. అదే ఒళ్ళు మండించేది తనిముకి.

తర్వాత కత్తి ఉడకబెట్టడం. ఒక తలకి వాడింది ఇంకో తలకి వాడకూడదట. మరిగే నీళ్ళ గిన్నె ముందు పెట్టి, “బాబా, మీ కత్తి ఇలా ఇవ్వండి,” అన్నాడు హబీబు.

“ఇది మా తాత కత్తిరా! నువ్వు పుట్టకముందు వెయ్యి తలలు చూసింది. ఉడకబెట్టడానికి ఇదేమన్నా కందగడ్డా?”

కుర్రాళ్ళు ఘొల్లుమన్నారు. తనిము ఛాతీ పొంగింది. మనవాడికి అంతే కావాలి, నలుగురు నవ్వితే తను గెలిచినట్టే లెక్క.

రెండో వారం బెలూన్లు వచ్చాయి. ఊది, పైన నురగ పూసి, పగలకుండా నురగంతా గీసెయ్యాలి. కుర్రాళ్ళు ఒక్కొక్కరే గీశారు. తనిము వంతు వచ్చేసరికి అందరూ పనులాపి చుట్టూ చేరారు. మొదటిది టప్పుమంది. రెండోది టప్పుమంది. మూడోది పగిలినప్పుడు ముక్కు మీద, మీసాల మీద నురగ పడింది. బల్ల చరిచి నవ్వాడొకడు.

“తలకి ఎముక ఉంటుందిరా వెధవల్లారా! గాలితిత్తికి గడ్డమేమిటి? ఇదొక విద్యా?”

“పసిబిడ్డ మాడు మీద ఎముక ఉంటుందా బాబా?” అన్నాడు హబీబు నెమ్మదిగా.

తనిము వినిపించుకోలేదు. అది చెవుల లోపం కాదు.

రోజూ సాయంత్రం బడి నుంచి తిన్నగా కందే ఇంటి వాకిటి గదికి పోయేవాడు. అల్లుడి ఇల్లు రెండు సందుల అవతలే. కూతురు సజ్జముద్దలు పెరుగులో చిదిపిన ఫురా సొరబుర్ర నిండా ఇచ్చేది. అది తాగుతూ హబీబుని అచ్చుగుద్దినట్టు అనుకరించేవాడు. మెడ సాచి, గొంతు సన్నగా చేసి, “వేళ్ళ సందులు, బాబా, వేళ్ళ సందులు!” అని గాల్లో చేతులు రుద్దేవాడు. బెలూను పగిలినట్టు బుగ్గలు పూరించి టప్పుమనిపించేవాడు, తను పగలగొట్టిన సంగతి మాత్రం కుర్రాళ్ళ ఖాతాలో వేసి.

“అయ్యో, చాలు నాన్నా! ఇక్కడే కనేస్తాను!” అని పొట్ట పట్టుకుని నవ్వేది కందే. మొదటివాడు పోయాక ఆ పిల్ల అలా నవ్వడం అదే మొదలు. అందుకని మర్నాడు ఇంకాస్త ఎక్కువ వెక్కిరించేవాడు.

రెండో వారం శుక్రవారం పొద్దున కందేకి మగపిల్లాడు పుట్టాడు. మళ్ళీ శుక్రవారం పేరు. గురువారం కార్డు చేతికొస్తుంది. లెక్క సరిపోయిందని మీసం దువ్వుకున్నాడు తనిము.

బుధవారం హబీబు ధనుర్వాతం గురించి చెప్పాడు. తుడిచినా పోని మురికి కత్తికి ఉంటుందట, అది గాయంలో దిగుతుందట. “కోసిన రోజు ఏమీ కనబడదు. బిడ్డ బాగానే ఉంటాడు. వారం పది రోజులకి పాలు తాగడం మానేస్తాడు. దవడ బిగుసుకుపోతుంది. తాకితే చాలు ఒళ్ళంతా విల్లులా వంగుతుంది. తర్వాత బతికేది రెండు మూడు రోజులే.”

“అది గాలి,” అన్నాడు తనిము కూర్చున్నచోటి నుంచే. “గాలి సోకితే అలాగే అవుతుంది. నేను కళ్ళారా చూశాను. పెద్ద చెప్పొచ్చాడు.”

“గాలి అయితే, బాబా, వంజామి వచ్చి వెళ్ళిన ఇంటికే ఎందుకు వస్తుంది?”

దీనికి మొహం పగిలే జవాబు చెప్పాలని నోరు తెరిచాడు తనిము. కుర్రాళ్ళు అప్పుడే నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. అంతలో కందే మొదటివాడు గుర్తొచ్చాడు. వాడికి ఏడో రోజు తనే కోశాడు. కోసి, తొడకేసి తుడుచుకున్నాడు. ఆ ముందు రోజు అదే కత్తితో ఒక గుర్రాలవాడికి తల గీశాడు. పదిహేనో రోజు పొద్దున కందే పరుగెత్తుకొచ్చి, “నాన్నా, వీడు రొమ్ము పట్టడం లేదు,” అంది. ఎత్తుకుంటే విల్లులా వంగిపోయాడు. తాయెత్తు కట్టించింది కూడా తనే.

ఆ సాయంత్రం కూతురింటి వైపు వెళ్ళలేదు. గురువారం కార్డు ఇచ్చారు. తీసుకున్నాడు. ఆ పొద్దున అందరికన్నా ముందు వచ్చి చేతులు కడుక్కున్నది అతనే అని హబీబు చెబితే కుర్రాళ్ళు నమ్మలేదు.

శుక్రవారం పొద్దున అల్లుడి ముంగిట్లో పొట్టేలు కోశారు. ఇమాము పేరు చదివాడు. తాంబూలంలా కోలా గింజలు పంచుతున్నారు. తనిము చాప మీద కూర్చుని ముందు సబ్బు అడిగాడు. మోచేతుల దాకా రుద్దాడు. తర్వాత మరిగే నీళ్ళు అడిగాడు.

“ఏం తనిమూ, పులుసు పెడుతున్నావా? ఉప్పు తెమ్మంటావా?” అంది అల్లుడి మేనత్త దేలు. ఆడవాళ్ళు పడీ పడీ నవ్వారు. ఎప్పుడూ ఒకటికి రెండు అంటించే తనిము ఆ పూట నీళ్ళు మరిగాయో లేదో చూసుకున్నాడు.

తాత కత్తి పొదిలోనే ఉండిపోయింది. కాగితం చుట్ట విప్పి కొత్త బ్లేడు తీసి ఆ మరిగే నీళ్ళలో ముంచాడు. పిల్లాడిని ఒళ్ళోకి తీసుకుని, మెత్తగా కొట్టుకుంటున్న మాడు దగ్గరికి వచ్చేసరికి ఊపిరి బిగబట్టాడు. పిల్లాడు ఏడవను కూడా లేదు. బెలూను మీద పూసిన నురగని తీసినట్టు తీశాడు.

“ఇక కొండనాలుక కానియ్,” అంది దేలు.

“కోయను.”

“అదేం మాట! వాచి గొంతుకి అడ్డం పడితే?”

“పడదు. కోయను. ఇక ఎవరికీ కోయను,” అన్నాడు తనిము, పొది మూతికి తాడు బిగిస్తూ.

ముంగిట్లో గోల మొదలైంది. ముసలాడికి చేతులు వణుకుతున్నాయన్నారొకరు, కార్డు తీసుకుని తెల్లకోటు వాళ్ళకి అమ్ముడుపోయాడన్నారు ఇంకొకరు. లోపలి గుమ్మం దగ్గర కందే నిలబడి ఉంది.

“మొదటివాడికి కోశావుగా నాన్నా,” అంది.

“కోశాను.”

“మరి?”

అబద్ధం చెప్పొచ్చు. చేయి బాగాలేదనొచ్చు, పైనుంచి ఆర్డరనొచ్చు. నోరుందిగా, దానికేం కొదవ. తనిము తల ఎత్తకుండానే అన్నాడు.

“అప్పటికి నేను బడికి పోలేదు తల్లీ.”

కందే వచ్చి, వంగి, తండ్రి చేయి తగలకుండా పిల్లాడిని ఒళ్ళోంచి తీసుకుంది.

“రోజూ నువ్వొచ్చి ఆ బడిని వెక్కిరిస్తుంటే,” అంది, “నేనూ నవ్వాను నాన్నా.”