టెక్కలి దారిలో పేలిన అంబాసిడర్

2003 వేసవి. పలాసలో జీడి పరిశ్రమల వీధి మొదట్లో మా మావయ్య ఆటో ఎలక్ట్రికల్ షాపు ఉండేది. ఐటీఐ చదివి నేను అక్కడే పనిలో చేరాను. వచ్చినవాళ్ళతో మాట్లాడటం మావయ్య పని, వైర్లతో తంటాలు నా పని. ఎవరైనా నన్ను నేరుగా ఏదైనా అడిగితే టెస్ట్ ల్యాంపు వెతుకుతున్నట్టు వంగిపోయేదాన్ని. చెప్పాలనుకున్నవన్నీ ఇంటికెళ్ళి డైరీలో చెప్పుకునేదాన్ని.

ఆ రోజుల్లో సముద్రం ఒడ్డున ఉన్న ఉద్దానం నుంచి ఒక పాత అంబాసిడర్ మాటిమాటికీ మా దగ్గరికి వచ్చేది. కొబ్బరితోటల ఆసామి పాపారావు గారిది. పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు ఒక్క సెల్ఫ్‌కే స్టార్టయ్యేది. ఎంత దూరమైనా నడిచేది. వేడెక్కిన ఇంజిన్ ఆపి, కాసేపాగి మళ్ళీ సెల్ఫ్ కొడితే మాత్రం బాంబులా పేలేది. దీన్నే బ్యాక్‌ఫైర్ అంటారు. సిలిండర్‌లో సరైన సమయానికి మండాల్సిన పెట్రోలు వేళ తప్పి, కార్బురేటర్ వైపో సైలెన్సర్ వైపో అంటుకోవడం.

ఆ రోజు పాపారావు గారు కుర్చీ వేసినా కూర్చోలేదు.

"ఇదే ఆఖరు. ఈపాలి కూడా పేలిందంటే పాత ఇనుము కొట్టుకి తోలేత్తాను. సింహాచలం, నువ్వు ఏరే పని సూసుకోవాల" అనేసి బస్సుకు వెళ్ళిపోయారు.

సింహాచలం ఆ కారు డ్రైవరు. నాకు ఊహ తెలియక ముందు నుంచీ ఆ స్టీరింగ్ వదలనివాడు. భుజం మీది తువ్వాలు తీసి, బానెట్ మీద లేని దుమ్ము తుడిచాడు.

మావయ్య అప్పటికే ప్లగ్గులు, వైర్లు, కాయిల్, కండెన్సర్ మార్చి చూశాడు. కార్బురేటర్‌లో పెట్రోలు మరుగుతోందేమోనని తడిగుడ్డ కూడా చుట్టాడు. మిగిలింది డిస్ట్రిబ్యూటర్ క్యాపు. కాయిల్ నుంచి వచ్చే కరెంటును ఒక్కో ప్లగ్గుకు వరసగా పంచే చోట ఉండే నల్లటి మూత అది. మావయ్య ప్రతిసారీ తీసి చూసి, "అద్దంలా మెరుత్తంది, దీనికేటి రోగం?" అని మూసేసేవాడు. నేనూ చూశాను. నిజంగానే మెరిసేది.

చివరికి "రోడ్డు మీదే సూద్దాం" అని సామాను సంచీ కారులో పడేశాడు. ముందు మావయ్యా సింహాచలమూ, వెనక నేను.

టెక్కలి పొలిమేరలో ఒక టీకొట్టు దగ్గర ఇంజిన్ ఆపాం. టీ తాగి సింహాచలం సెల్ఫ్ కొట్టాడు. ఢామ్మని పేలింది. బెంచీ మీద పెద్దాయన గ్లాసు ఒలికిపోయింది.

"ఏటయ్యా, మీకు దీపావళి ఇప్పుడేనేటి?" అన్నాడు కొట్టువాడు. అందరూ నవ్వారు. సింహాచలం నవ్వలేదు.

బానెట్ ఎత్తగానే వేడిగాలి ముఖానికి కొట్టింది. దానితోపాటు జీడిపిక్కలు కాల్చే వాసన. మొదట నాకది వింతగా తోచలేదు. నేను పుట్టి పెరిగింది ఆ వాసనలోనే. పిక్కలు కొట్టే పనికెళ్ళే మా అమ్మ చీరలకీ, మా షాపు గోడలకీ అదే వాసన. తర్వాత తట్టింది, ఇది పలాస కాదని. చుట్టూ కోసేసిన వరిమడులు తప్ప ఒక్క జీడి బట్టీ లేదు.

"మావయ్యా" అన్నాను. వినిపించలేదు. గొంతు పెంచాను. "మావయ్యా, ఇంజిన్ కాడ జీడి వాసన వత్తంది!"

టీకొట్టంతా నావైపు తిరిగింది.

"పలాస గుంటకి ఎక్కడికెల్లినా అదే వాసన" అన్నాడు మావయ్య. మా వైపు ఆడపిల్లని గుంట అనే అంటారు.

క్యాపు విప్పి లోపల వేలు పెట్టాను. అంటుకుంది. చల్లగా ఉన్నప్పుడు అద్దంలా ఉండే ఆ మెరుపు వేడికి బంకలా మెత్తబడింది. దానికి కార్బన్ పొడి పట్టి, రెండు టెర్మినళ్ళ మధ్య వెంట్రుకంత నల్లగీత ఏర్పడింది. ఒక సిలిండర్‌కు వెళ్ళాల్సిన కరెంటు ఆ గీత మీదుగా పక్కదానికి దూకుతోంది. బండి నడుస్తున్నంతసేపూ గాలి తగిలి ఆ పూత గట్టిగానే ఉండేది. ఆగాక ఇంజిన్ వేడంతా పైకెక్కి, అప్పుడు కరిగేది.

సింహాచలం నా వేలివైపే చూస్తున్నాడు.

"అది జీడినూనెమ్మా. నానే పూసినాను. మా ఊరి ఉప్పుగాలికి సెమ్మ పట్టి, ముసురు రోజుల్లో స్టార్టయ్యేది కాదు. తెప్పలకి నీరు పట్టకుండా పూత్తారు కదా, దీనికీ మంచిదే అనుకున్నాను. లోపలా బయటా పూసి ఎండబెట్టినాను."

"ఓర్నీ! కారుని తెప్ప సేసీసినావు కదా బావా!" అన్నాడు మావయ్య.

సంచీలో ఉన్న వేరే క్యాపు బిగించాను. ఇంజిన్ ఇంకా సెగలు కక్కుతూనే ఉంది. మావయ్య తాళం నా చేతిలో పెట్టాడు. సెల్ఫ్ కొట్టాను. చిన్న దగ్గు కూడా లేకుండా అందుకుంది. ఇంకో టీ తాగి మళ్ళీ కొట్టాను. మళ్ళీ అందుకుంది.

"ఏటి, ఈపాలి టపాకాయి నేదా?" అన్నాడు కొట్టువాడు, నిరాశగా.

అక్కడి నుంచి నేరుగా ఉద్దానం వెళ్ళాం. జరిగిందంతా సింహాచలమే చెప్పేశాడు. పాపారావు గారు "ఎవులు పట్టుకున్నారు?" అన్నారు. మావయ్య నన్ను చూపించాడు.

"ఈ గుంటా?"

వంగి వెతకడానికి నా చేతిలో టెస్ట్ ల్యాంపు లేదు. "నేనేనండి" అన్నాను.

ఆయన తానే కూర్చుని వేడి ఇంజిన్‌కు సెల్ఫ్ కొట్టారు. కారు హాయిగా స్టార్టయింది. దిగి, తాళం సింహాచలానికి విసిరారు.

"రేపు మందస ఎల్లాల. బేగి వచ్చీ."

మర్నాటికి నా వేలు బొబ్బెక్కింది. జీడిపిక్కల పెంకు నుంచి తీసే ఆ నూనె తాకితే అంతే. అమ్మ కొబ్బరినూనె రాస్తూ తిట్టింది. నేను మాత్రం షాపుకు వచ్చినవాళ్ళందరికీ ఆ వేలు చూపించాను, అడగనివాళ్ళకు కూడా.

పలాసలో నిలబడి ఎన్నిసార్లు బానెట్ ఎత్తినా మాకు ఆ వాసన తెలియలేదు. ఇప్పటికీ షాపులో రోగం తేలని బండి వస్తే ఊరు దాటించి ఆపుతాను. స్పానర్ తీయకముందు ఒకసారి గట్టిగా గాలి పీలుస్తాను.