మొగులు ఎట్లున్నది

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను నారాయణపేట నుంచి మర్రిగూడకు కోడలినై వచ్చాను. బోరు నీళ్లు ఎముకలను వంచుతాయని మా అత్త వాటిని నోట పెట్టేది కాదు. మిద్దె మీది వాననీళ్లు ఒక పైపు గుండా కింది తొట్టిలోకి దిగితే అవే తాగేవాళ్లం. ఏటా మృగశిర కార్తెకు ముందు పైపుల మిస్త్రీ వచ్చి ఆ పైపు బాగుచేసేవాడు.

ఆయన ఆ బోరు నీళ్లే తాగి పెరిగిన మనిషి. మెడ ముందుకు వంగి అట్లాగే బిగుసుకుపోయింది. నన్ను మిద్దె ఎక్కించి చెంబెడు నీళ్లు పోయమని, తాను కింద పైపుకు చెవి ఆనించి కళ్లు మూసుకునేవాడు. నీళ్లు తడబడిన చోట వేలితో తట్టి, "గీడ ఆకు పడ్డది" అనేవాడు. విప్పి చూస్తే నిజంగానే ఆకు ఉండేది. పని అయ్యాక ప్రతిసారీ మబ్బు పట్టిన ఆకాశం గురించి ఒకటే మాట అడిగేవాడు.

"మొగులు ఎట్లున్నది బిడ్డా?"

ఒక ఏడాది ఆయన ఆలస్యంగా వచ్చాడు, కార్తె దాటిపోతున్నా చినుకు లేదు. తొట్టి అడుగున మట్టి నెర్రెలు విచ్చింది. ఆయన అడిగితే నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"నల్లగున్నది మామా. గుట్ట మీదికెల్లి దిగుతాంది" అన్నాను.

ఆయన పైపుకు చెవి ఆనించి కూర్చుండిపోయాడు. ఎంతకీ లేవలేదు. నాకే సిగ్గేసి, తప్పు ఒప్పుకుందామని మిద్దె దిగాను.

"ఎండ వీపు మీదనే ఉన్నది, నాకెర్కనే" అన్నాడు కళ్లు తెరవకుండా. "జర ఇంకింత చెప్పు బిడ్డా. మొగులు జూడక ఎన్నేండ్లాయెనో."