ఓబుళమ్మ ఇంటి ఈజిప్టు యశోదమ్మ

కర్నూలు కొత్తగా రాజధాని అయిన రోజులు. ఓర్వకల్లు దగ్గరి పల్లె నుంచి శివారెడ్డి అనే రైతు మా మ్యూజియానికి ఉత్తరం రాశాడు. యుద్ధకాలంలో లారీ నడపడానికి ఈజిప్టు వెళ్లిన తన బావమరిది ఒక కంచు బొమ్మ తెచ్చాడట. ఇప్పుడు దాని నుంచి పచ్చపొడి రాలుతోందనీ, ఇంటావిడకు తిండి సయించడం లేదనీ ఉత్తరం. మద్రాసులో నా ఉద్యోగం పాత కంచుకు వైద్యం చేయడమే. "ఫలానా రోజు వస్తున్నాను, బొమ్మను సిద్ధంగా ఉంచండి" అని జవాబు రాశాను. మా పై అధికారి నా పెట్టెలో ఒక దానపత్రం కూడా పెట్టించారు. అద్దాల బీరువాలో ఈజిప్టు అర ఒకటి ఖాళీగా ఉందట.

రాత్రి పదికి మెయిలెక్కితే తెల్లవారుజామున కడప. స్టేషన్లో ఇడ్లీ, కాఫీ కానిచ్చి ఏడు గంటల బస్సు పట్టుకున్నాను. పక్కన గిన్నెలకు కళాయి పూసే సాయిబు కూర్చున్నాడు. నా పెట్టెలో కంచుకు మందులున్నాయని చెబితే పకపకా నవ్వాడు.

"మనుషులకే మందుల్లేక సస్తాంటే నువ్వు కంచుకు తెస్తాండావా అప్పా?"

నాకూ నవ్వొచ్చింది. మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల దాటి, దుమ్ము కొట్టుకుపోయి, రెండున్నరకు ఓర్వకల్లులో దిగాను. అక్కడి బండల గుట్టలు చూడదగ్గవే. అయితే వెళ్లేవాళ్లు మంచినీళ్లు వెంట తీసుకెళ్లండి, ఊరి బావుల్లో ఉప్పునీళ్లే. శివారెడ్డి ఎద్దులబండి కట్టుకొని వచ్చి ఉన్నాడు.

ఆయన భార్య ఓబుళమ్మకు నలభై దాటి ఉంటాయి. మజ్జిగ ఇచ్చి, బొమ్మను పీట మీద తెచ్చి నా ముందుంచింది. జానెడు బొమ్మ. ఒళ్లో బిడ్డకు పాలిస్తున్న ఈజిప్టువాళ్ల ఐసిస్ దేవత, రెండువేల ఏళ్లు పైబడినది. తలమీద ఆవుకొమ్ములున్నాయి కాబట్టి ఆ ఇంట్లో ఆమె గొల్లవారి యశోదమ్మ. ఆ తల్లి కొత్త బిందెలా తళతళలాడుతోంది. అంత పాత కంచు అలా మెరవకూడదు.

"ఏం పెట్టి తోమారమ్మా?"

"చింతపండూ ఉప్పూ సామీ. శుక్రవారం శుక్రవారం తోముతా. పెద్దమనుషులు వస్తాండారని ఈ పొద్దు రెండుతూర్లు తోమినా."

సిద్ధంగా ఉంచమని రాసిన పుణ్యాత్ముణ్ణి నేనే. అయినా కోపం ఆపుకోలేదు. "ఆ ఉప్పేనమ్మా కంచును తినేస్తున్నది. వారం వారం మీరే దీనికి విషం పెడుతున్నారు" అనేశాను. నోరు మంచిదయితే ఊరు మంచిదవుతుందంటారు. నా నోరు ఎప్పుడూ అంతే.

ఆమె తన అరచేతులు చూసుకుంది. తర్వాత మెల్లగా, "అయితే నేనే సెడగొట్టినానా?" అంది.

శివారెడ్డి కల్పించుకున్నాడు. "దీని తమ్ముడు మద్దిలేటి సెలవుకొచ్చినప్పుడు చేతిలో పెట్టి పోయినాడప్పా. మల్లా రాల్యా. యాడో ఎడారిలోనే పోయినాడంట."

సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. సూదితో బిడ్డ పాదాల దగ్గర గీకితే మెరుపు కింద నుంచి లేతపచ్చ పొడి రాలింది. ఈజిప్టు మన్నులోనే ఉప్పుందనీ, రోగం అక్కడే అంటి ఉంటుందనీ చెప్పాను. అది నిజమే, కానీ ఆమె నమ్మలేదు. నయం కావాలంటే నెలల తరబడి చాకలి సోడా కలిపిన నీళ్లలో నానబెట్టాలి. ఆ నీళ్లకు ఉప్పు తగలకూడదు. ఈ ఊళ్లో ఆ పని కాదు.

ఉన్నమాట దాచలేదు. "నయం చేసి తిరిగి మీకే పంపగలను. కానీ తర్వాత నీళ్లు, పసుపు, చెయ్యి ఏదీ తగలకూడదు. దానమిస్తే మ్యూజియంలో అద్దం వెనక ఉంటుంది."

"ఆడ ఎవరూ ముట్టుకోరా?"

"ఎవరూ ముట్టుకోరమ్మా."

"ఇంట్లో ఉంటే నేను ముట్టకుండా ఉండలేనప్పా. నా చెయ్యి దానికి పడదంటే తీసకపో. యాడో ఒకాడ బతికుంటే సాలు. మా తమ్ముని పేరు మాత్రం రాయి."

రాయిస్తానని మాట ఇచ్చాను. ఆమె వేలిముద్ర వేసింది.

మరునాడు ఉదయం బొమ్మను దూదిలో పెట్టి పెట్టె మూయబోతుంటే ఓబుళమ్మ వంగి చెయ్యి చాచింది. బిడ్డ తల దాకా వచ్చిన చెయ్యి ఆగిపోయింది. వెనక్కి తీసుకొని కొంగులో దాచుకుంది. నేను మూత వేశాను.

రాత్రికి కడప చేరి, సత్రంలో పడుకొని, పొద్దున ప్యాసింజరు ఎక్కాను. ఒంటిమిట్టలో యాత్రికులు తోసుకొచ్చారు. ఒక ముసలాయన నా ఒళ్లోని పెట్టెను చూసి, "ఏం దేవుడు సామీ?" అన్నాడు. యశోదమ్మ అన్నాను. ఆయన పెట్టెను రెండు చేతులా తాకి కళ్లకద్దుకున్నాడు. నేను వద్దనలేదు.

ఈ ప్రయాణంలో నాకు అన్నీ అనుకున్నట్టే జరిగాయి. బొమ్మ దక్కింది, వేలిముద్ర దక్కింది. కానీ మద్రాసు దాకా ఒకటే బాధ. ఒక మనిషి చేతి తడి అంటినా, దాన్ని కడిగెయ్యడం నాకు ఒక పూట పని. అయినా "ఒక్కసారి ముట్టుకోమ్మా" అని ఆమెతో అనలేకపోయాను.